యాక్టిన్ వల నమూనా పెట్టె: డిగ్రీ తరగతికి కొనదగినదే

అమలాపురంలోని ఒక సైన్సు పరికరాల దుకాణంలో మా జీవశాస్త్ర విభాగం కొన్న ఈ పెట్టెలో యాక్టిన్ తంతువులకు (కణానికి ఆకారాన్ని, బలాన్ని ఇచ్చే సన్నని ప్రోటీన్ పోగులకు) గుర్తుగా వంగే ప్లాస్టిక్ కడ్డీలు, వాటిని జోడించే ప్రోటీన్లకు గుర్తుగా రకరకాల క్లిప్పులు ఉన్నాయి. పొట్టిదైన ఫాసిన్ క్లిప్పు కడ్డీలను పక్కపక్కనే బిగించి గట్టి కట్టగా చేస్తుంది. పొడవుగా, మధ్యలో మడత బందుతో ఉండే ఫిలమిన్ క్లిప్పు అవే కడ్డీలను ఏటవాలుగా కలిపి వలగా అల్లుతుంది. ఆ వలను లాగితే మొదట సులువుగా సాగి, కడ్డీలు లాగిన దిక్కుకు తిరిగేకొద్దీ బిగుసుకుపోవడం విద్యార్థుల చేతికే తెలుస్తుంది. పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, ఎందుకంటే కణంలోని ఫిలమిన్ వలలు కూడా ఒత్తిడి పెరిగేకొద్దీ గట్టిపడతాయి.

అయితే ఆల్ఫా యాక్టినిన్ క్లిప్పు విషయంలో నమూనా తప్పుదారి పట్టిస్తుంది. నిజమైన ఆల్ఫా యాక్టినిన్ తంతువును పట్టుకుంటూ, కొన్ని సెకన్లలో వదులుతూ ఉంటుంది కనుక, వల వేగంగా లాగినప్పుడు రబ్బరులా ఎదురు తిరిగినా, నిదానంగా లాగినప్పుడు జారి కొత్త ఆకారం తీసుకుంటుంది. ఈ క్లిప్పు మాత్రం ఒకసారి పెడితే ఊడదు. దీనికి బదులు అయస్కాంతపు క్లిప్పులు ఇవ్వాలని తయారీదారులను కోరుతున్నాను.

కోనసీమ తేమకు మడత బందుల్లోని ఇనుప పిన్నులు తుప్పు పడుతున్నాయి. నూనె రాసి దాచుకోవాలి.