రెండు మందులు ఒకే ఇన్‌హేలర్‌లో: ఏళ్ల తరబడి వాడాక

ఉబ్బసానికి బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడుతూ ఏళ్లు గడిచాయి. పఫ్‌కు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్, 6 మైక్రోగ్రాముల ఫార్మోటెరాల్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యలో ఆయాసం వస్తే అదే ఇన్‌హేలర్‌తో ఇంకొకటి. మా డాక్టర్ రాసిచ్చిన పద్ధతి ఇది.

అంతకుముందు జేబులో ఆస్థాలిన్ ఇన్‌హేలర్ ఉండేది. కొట్టిన ఐదు నిమిషాల్లో ఛాతీ తేలికపడేది. కానీ అందులోని సాల్బుటమాల్ బిగుసుకున్న ఊపిరి గొట్టాలను వదులు చేస్తుందంతే, లోపలి వాపు జోలికి పోదు. నాలుగైదు గంటలకు మళ్లీ పిల్లికూతలు. పెద్దవాళ్లు ఆ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019లో గినా (ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

ఇప్పటి జోడీలో వాపు సంగతి బుడెసొనైడ్ చూసుకుంటుంది. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పని మొదలుపెట్టి పన్నెండు గంటలు నిలుస్తుంది, అందుకే అప్పటికప్పుడు ఉపశమనానికీ పనికొస్తుంది. సాల్మెటెరాల్ ఉన్న ఇన్‌హేలర్‌ను అలా వాడకూడదు, అది మెల్లగా ఎక్కే మందు.

తెల్లవారుజామున మూడింటికి లేచి, మంచం అంచున ముందుకు వంగి కూర్చోవడం పోయింది. నా లెక్కలో అదే పెద్ద లాభం. ఎండుమిర్చి పోపు ఘాటుకు దగ్గు ఇప్పటికీ వస్తుంది, దగ్గుతోనే ఆగిపోతుంది. మృగశిర కార్తె రాగానే నాంపల్లి చేపప్రసాదానికి వెళ్లమని బంధువులు ఫోన్ చేస్తారు. సరేనంటాను, ఇన్‌హేలర్ మాత్రం ఆపను.

ఇబ్బందులు లేవని కాదు. గొంతు అప్పుడప్పుడూ బొంగురుపోతుంది. పుక్కిలించి ఉమ్మేయకపోతే నోట్లో తెల్లపూత వచ్చే వీలుంది, అందుకే ఇన్‌హేలర్‌ను టూత్‌బ్రష్ పక్కనే పెట్టుకున్నాను. అదనపు పఫ్‌లు వరసగా పడితే చెయ్యి వణికి కాఫీ కప్పు సాసర్‌లో గలగలలాడుతుంది. బుడెసొనైడ్ స్టెరాయిడే, ఆ మాట అనగానే ఇంట్లో టెన్షన్. కానీ అటాక్ వచ్చినప్పుడు మింగే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇది మైక్రోగ్రాముల్లో, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి.

కొన్నాళ్లు మాంటెలుకాస్ట్ అనే మాత్ర కూడా కలిపారు. తుమ్ములు తగ్గాయిగానీ రాత్రిళ్లు పీడకలలు. చెబితే డాక్టర్ ఆపించారు. నిద్ర, మానసిక ఇబ్బందుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆ మందుకు గట్టి హెచ్చరికే పెట్టింది.

డబ్బాకు 120 పఫ్‌లు. కౌంటర్ లేనిదైతే, మొదలుపెట్టిన తారీఖు దాని మీదే రాసుకోవాలి. రోజుకు రెండు చొప్పున రెండు నెలలు రావాలి. అంతకన్నా ముందే అయిపోయిందంటే అదనపు పఫ్‌లు పెరిగాయన్నమాట, అప్పుడు అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకుంటాను.