సిద్ధవటంలో ఒక పూట

నాన్నకు మోకాళ్ల నొప్పులు. గండికోట అన్నప్పుడల్లా "ఆ లోయ ఫొటోల్లో చూశాలే" అని తప్పించుకుంటారు. అందుకే ఈసారి సిద్ధవటం అనుకున్నాం. మట్లి రాజుల కోట, పక్కనే పెన్న. అన్నిటికీ మించి, ఎక్కాల్సిన కొండ లేదు.

ముందు రాత్రి కడపలో దిగాం. లాడ్జి గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు పొద్దున గంటసేపే అన్నారు, అదీ రెండు బకెట్లకే చల్లబడింది. నాన్న సణుగుడు ఆగింది పక్క వీధిలో కారందోసె తిన్నాకే. పైన పూసిన ఎర్రకారం, దాని మీద చల్లిన పప్పులపొడి నేతిలో తడిసి ముద్దయ్యాయి. రెండోది ఆయనే చెప్పారు.

పొద్దున ఒంటిమిట్ట. తిరుపతి రోడ్డు మీదే కాబట్టి బస్సులకు కొదవ లేదు. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేడు. తాగునీరు, నీడ, వరుసలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. జనం మాత్రం ఎక్కువ, మండపం స్తంభాలను నిలబడి చూడనివ్వరు.

అక్కడి నుంచి వెనక్కి భాకరాపేట వచ్చి, ఆటోలో పెన్న వంతెన దాటాం. కోటలో అడుగుపెట్టేసరికి మాకు ఎదురైనవి నాలుగు మేకలు. ఒకటి మండపం రాతిచల్లదనానికి పొట్ట ఆనించి పడుకుని, మేం దాటుతుంటే చెవి మాత్రం కదిపింది. ద్వారం పక్క గోడలో కొన్ని రాళ్ల అంచున వరుసగా చిన్న గుంటలున్నాయి. బండను చీల్చడానికి ఉలితో తొలిచిన గుర్తులవి. నాన్న వాటిలో వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతూ నడిచారు. మోకాళ్ల సంగతి మరిచినట్టున్నారు.

ఇదివరకు మట్టికోట ఉండేదని, దాన్ని రాతికోటగా మార్చింది మట్లి అనంతరాజని చెబుతారు. 1779లో హైదరాలీ కడప మీద పడ్డప్పుడు నవాబు తలదాచుకున్నది ఇక్కడే, లొంగిపోయిందీ ఇక్కడే. నది వైపు గోడ దగ్గర నిలబడితే ఆయన ఈ చోటును ఎందుకు నమ్ముకున్నాడో తెలుస్తుంది. మేం వెళ్లినప్పుడు పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ, అది వేరే సంగతి.

సౌకర్యాలంటారా, వాటి మీద ఆశ పెట్టుకోకండి. మాకు కోటలో తాగునీళ్లు దొరకలేదు, వివరాలు చెప్పేవారూ కనపడలేదు. మరుగుదొడ్డి కోసం ఊళ్లోకి నడవాల్సి వచ్చింది. భోజనం కడపలోనో ఒంటిమిట్టలోనో ముగించుకుని రావడం మేలు. అయినా నడవలేని పెద్దవాళ్లతో వస్తే గండికోటకంటే దీనికే నా ఓటు. రెండు గంటలు చాలు. ఎండాకాలమైతే పొద్దున్నే రండి.

సాయంత్రం బస్సు కోసం ఎదురుచూస్తుంటే లంకమల కొండలు నల్లబడసాగాయి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది ఆ అడవుల్లోనే. అది చీకటి పడ్డాకే తిరిగే పక్షి అని చెప్పాను.

"అయితే రాత్రికి ఉందామా?" అన్నారు నాన్న.

ఉండటానికి గది ఎక్కడుందని? అప్పుడే కడప బస్సు వచ్చింది. సగం సీట్లు ఖాళీ.