ఫాంట్ వ్యూయర్ కన్నా ఎఫ్‌సీ-మ్యాచ్ మాటే నమ్ముతాను

లినక్స్ డెస్క్‌టాప్ మీద ఫాంట్లు చూపించే గ్రాఫికల్ ప్రోగ్రాములు చాలానే వాడాను. ఇన్నేళ్లకు నాకు గట్టి నమ్మకం మిగిలింది టెర్మినల్‌లో నడిచే ఎఫ్‌సీ-మ్యాచ్ మీదే; ఫాంటు అడిగితే చివరికి ఏది వస్తుందో చెప్పే చిన్న కమాండ్ అది. లినక్స్‌లో ఫాంట్ల ఎంపిక చూసుకునే ఫాంట్‌కాన్ఫిగ్‌తో పాటే వస్తుంది, విడిగా వెతుక్కోనక్కర్లేదు.

వ్యూయర్లు ఒక్కో ఫాంటును విడిగా, పెద్ద సైజులో, చాలాసార్లు ఇంగ్లిషు వాక్యంతో చూపిస్తాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు మెనూ సైజులో చూస్తే గానీ తెలుగు ఫాంటు సంగతి తేలదు. అంతకన్నా ముఖ్యంగా, తెర మీదికి చివరికి ఏ ఫాంటు వస్తుందో అవి చెప్పవు.

ఇది నాకు బాగా తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. పోస్టర్ల పని కోసం రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్లు వేసుకున్నాను. కొన్నాళ్లకు ఒక అప్‌డేట్ తర్వాత ఫైల్ మేనేజర్‌లో తెలుగు పేర్లన్నీ ఆ పోస్టర్ అక్షరాల్లోకి మారిపోయాయి. వరస ఎత్తు చాలక వత్తుల అడుగు తెగిపోయింది. సెట్టింగుల్లో చూస్తే ఇంటర్‌ఫేస్ ఫాంటు మునుపటిదే. అసలు ఆ ఫాంటులో తెలుగే లేదు. లేని అక్షరాలకు మరో ఫాంటును ఎంచి ఇచ్చేది వెనకాల ఉన్న ఫాంట్‌కాన్ఫిగ్. ఆ ఎంపిక ఏమిటో చూపే చోటు సెట్టింగుల్లో ఎక్కడా దొరకలేదు.

ఎఫ్‌సీ-మ్యాచ్‌కి శాన్స్ అన్న సాధారణ ఫాంటు పేరు, తెలుగు భాష కోడ్ కలిపి ఇచ్చాను. ఒక్క వరసలో జవాబు: రామభద్ర. దానికి ‘ఎస్’ ఆప్షన్ చేరిస్తే ఆ తర్వాత క్యూలో ఉన్న ఫాంట్లు కూడా వరసగా వచ్చాయి. అంత తేటగా కారణం కనిపించాక ఎంత హాయిగా అనిపించిందో! హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్‌కాన్ఫిగ్ ఎక్స్ఎంఎల్ ఫైల్లో చిన్న నియమం రాశాను: భాష తెలుగైతే నోటో శాన్స్ తెలుగు ముందుండాలి. సిస్టం నియమాల ఫైళ్లు నంబర్ల వరసలో చదవబడతాయి. మన సొంత ఫైలును పిలిచేది 50తో మొదలయ్యే ఫైలు, లాటినేతర లిపుల ప్రాధాన్యాలు ఉండేది 65తో మొదలయ్యే దాంట్లో. అందుకే మన మాట ముందు చెల్లుతుంది. మళ్లీ అడిగితే నోటో పేరే చెప్పింది. ఫైల్ మేనేజర్ మూసి తెరిస్తే వత్తులన్నీ నిండుగా ఉన్నాయి.

అయితే నియమం అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పలేను. ఫైర్‌ఫాక్స్‌కి తెలుగు ఫాంటు సెట్టింగులు వేరే ఉన్నాయి, అక్కడ విడిగా మార్చుకోవాల్సి వచ్చింది. భాష ఏదో చెప్పకుండా ఫాంటు అడిగే ప్రోగ్రాముల దగ్గర ‘తెలుగైతే’ అన్న షరతు పారదు. పైగా ఎఫ్‌సీ-మ్యాచ్ పేరు చెబుతుందే గానీ అక్షరం చూపదు. వత్తులు ఎలా కూడుతున్నాయో చూడటానికి, ఇచ్చిన మాటలను తెర మీద గీసి చూపే పాంగో-వ్యూలో నా మాటలే ఇచ్చి చూస్తాను. కొత్త ఫాంటు ఎంచుకునేటప్పుడు వ్యూయర్‌నే తెరుస్తాను, ఆ పనికి అదే నయం.

రోజంతా తెలుగూ ఇంగ్లిషూ కలిపి చదివే పని నాది, ఎక్స్ఎంఎల్ ఫైలు చేత్తో దిద్దడం ఇబ్బంది కాదు. అందుకే నాకు ఇది ఇంత నచ్చింది. ఒకటి రెండు ఫాంట్లతో గడిచిపోయేవారికి వాళ్ల లినక్స్ డిస్ట్రో ఇచ్చిన ఏర్పాటే సరిపోవచ్చు; తెలుగు పేర్లు ఉన్నట్టుండి రూపు మారితే మాత్రం ముందు ఎఫ్‌సీ-మ్యాచ్‌ని అడగండి.