‘అన్‌లిమిటెడ్ ట్రాక్స్’ అన్నారని డబ్బు కట్టేయకండి, ముందు మిక్సర్ తెరిచి చూడండి

ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుని పాటలు చేసుకునేవాళ్లు, కొత్తగా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పండగ ఆఫర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ మధ్య ఎడిషన్ కొన్నాను. ప్రకటనలో అన్‌లిమిటెడ్ ట్రాక్స్ అని ఇంత పెద్ద అక్షరాలతో వేశారు. అది అబద్ధం కాదు, ట్రాకులు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఆ ట్రాకులన్నీ వచ్చి కలిసే మిక్సర్‌కే చేతులు కట్టేశారు. డెమో వీడియోల్లో కనిపించేదంతా పై ఎడిషన్ మిక్సర్. కింది ఎడిషన్లో అందులోంచి ఏమేం తీసేశారో వాళ్ల పోలిక పట్టికలో ఒక్క ముక్క లేదు. లైసెన్స్ యాక్టివేట్ అయింది కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వం అంటున్నారు. ఎన్ని మెయిళ్లు పెట్టినా అదే జవాబు.

మొదటి దెబ్బ రికార్డింగ్ రోజునే తగిలింది. జానపదం. డప్పు, డోలక్, హార్మోనియం, కోరస్ ముందే ఎక్కించేశాం, గొంతు మాత్రమే మిగిలింది. పాడే అమ్మాయి లోపల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చరణంలో ఉంది. డప్పు ట్రాక్‌లో ఏదో కిర్రుమంటున్నట్టు అనిపించి, సరిగ్గా విందామని హార్మోనియం ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) కిందికి లాగాను. అంతే, లోపల్నుంచి “అన్నా, నాకు శ్రుతి పోయింది” అంది. ఆ టేక్ ఎంత బాగా వస్తోందో నాకు తెలుసు. గొంతు వేడెక్కి, భావం కుదిరి వచ్చింది మళ్లీ పాడమంటే అలా రాదు.

ఎందుకిలా అయిందంటే, ఆమె హెడ్‌ఫోన్స్‌కి వెళ్లే సెండ్, అంటే ట్రాక్ సిగ్నల్ కాపీని ఇంకోచోటికి పంపే దారి, ఫేడర్ తర్వాత నుంచి బయల్దేరుతోంది. ఇక్కడ నేను ఫేడర్ ఎంత కదిపితే అక్కడ ఆమె చెవిలో అంత మారుతుంది. ఇందుకోసమే మిక్సర్లలో ప్రీ-ఫేడర్ సెండ్ ఉంటుంది. ఫేడర్‌కి ముందే సిగ్నల్ చీలిపోతుంది కాబట్టి నా వినికిడి నాది, గాయని వినికిడి గాయనిది. ఒక చిన్న బటన్ పని. ఆ బటన్‌ని పై ఎడిషన్‌కి దాచిపెట్టుకున్నారు. గాయకుల్ని కూర్చోబెట్టి రికార్డ్ చేసేవాళ్లకి ఇది అలంకారం కాదు, ప్రాణం. అది తీసేసిన ఎడిషన్‌ని ‘కంప్లీట్ రికార్డింగ్ ప్యాకేజీ’ అని అమ్మడం అన్యాయం.

రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే తప్పు ఎక్కడుందో కంటికి కనపడదు. డప్పుకి బరువు రావాలని దాన్ని ఒక బస్‌కి (ట్రాకులు వచ్చి కలిసే ఉమ్మడి ఛానల్‌కి) పంపి, అక్కడ గట్టిగా కంప్రెస్ చేసి (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించి), అసలు దెబ్బ కింద కలుపుతాం కదా. నేను వాడే కంప్రెసర్ లుక్-అహెడ్ రకం. రాబోయే శబ్దాన్ని ముందే చూడాలి కాబట్టి సిగ్నల్‌ని కాసేపు ఆపుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ ఆ ఆలస్యాన్ని లెక్కేసి మిగతా ట్రాకులన్నిటినీ అంతే సర్దుతుంది. ఈ మిక్సర్ ట్రాకుల మీద పెట్టిన ప్లగిన్లకి (కంప్రెసర్ లాంటి ఎఫెక్టులకి) సర్దుతోంది, బస్ మీద పెట్టినవాటికి సర్దడం లేదు. ఫలితం చూడండి: 48 కిలోహెర్ట్జ్ సెషన్లో, అంటే సెకనుకి 48,000 శాంపిళ్లు ఉన్నచోట, 240 శాంపిళ్లు వెనకబడితే 5 మిల్లీసెకన్లు. అంత తేడాతో రెండు కాపీలు సమానంగా కలిస్తే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర, ఇలా పైకి వెళ్లేకొద్దీ, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బరువు కోసం కలిపిన బస్ ఉన్న బరువునే మింగేసింది. డప్పు కాస్తా అట్టపెట్టె మోతలా తయారైంది. మైక్ మార్చాను, ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దుబాటు) మార్చాను, చివరికి దెబ్బ మొదలయ్యే చోట వేవ్‌ఫామ్ పెద్దది చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ దొరకలేదు.

మిగతావి త్వరగా చెప్తాను. ఛానల్ వెడల్పు తగ్గించుకునే వీల్లేదు, వద్దనుకున్నవి దాచే వీల్లేదు, కోరస్ గొంతులన్నీ ఒక ఫోల్డర్‌లో మడిచే వీల్లేదు. ల్యాప్‌టాప్ తెర మీద గొంతు ఒక చివర, దాని రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) ఇంకో చివర. పైన ట్రాక్ ఎంచుకుంటే కింద మిక్సర్ అక్కడికి రాదు, వెతుక్కోవాలి. ఫేడర్ పొరపాటున కదిలితే అన్‌డూ పనిచేయదు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

మిక్సర్లన్నీ ఒకేలా ఉండాలని నేననడం లేదు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని ఫోల్డర్ చేస్తే అదే బస్ అయిపోతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో ప్లేలిస్ట్ ట్రాక్ వేరు, మిక్సర్ ట్రాక్ వేరు, ఏది ఎటు వెళ్లాలో మనమే కట్టుకోవాలి; ఒక్కో మిక్సర్ ట్రాక్‌కి 10 ఎఫెక్ట్ స్లాట్లు. ఏబుల్టన్ లైవ్‌లో అరేంజ్‌మెంట్ వ్యూలో (పాటని కాలక్రమంలో పరిచి చూపే తెరలో) కూడా మిక్సర్ కనపడటం 2024లో లైవ్ 12తోనే వచ్చింది. దాని ఇంట్రో ఎడిషన్లో 16 ట్రాకులు, 2 రిటర్న్‌లే (సెండ్‌లు వచ్చి చేరే ట్రాకులు). కానీ ఆ పరిమితి వాళ్లే పట్టికలో రాసి పెడతారు, మనం చూసుకుని కొంటాం. హ్యారిసన్ మిక్స్‌బస్‌లో బస్‌ల సంఖ్యే ముందుగా బిగించి ఉంటుంది, అయినా దాన్ని ఇష్టపడి వాడేవాళ్లున్నారు. పరిమితి ఉండటం నా ఫిర్యాదు కాదు, దాచిపెట్టి అమ్మడం.

కొనే ముందు ట్రయల్‌లో మీరు కొనబోయే ఎడిషన్‌నే ఎంచుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌గా పై ఎడిషన్‌నే ఇస్తాయి, అక్కడే మోసపోతాం. వాళ్ల డెమో పాట తెరవకండి, మీ పాత పాటల్లో బరువైనదాని స్టెమ్స్ (ఒక్కో వాయిద్యం, గొంతు విడివిడిగా దింపిన ఫైళ్లు) వేయండి. గొంతు రికార్డ్ చేస్తూ ఫేడర్లు కదిపి హెడ్‌ఫోన్స్‌లో మారుతోందేమో వినండి. తర్వాత ఒక స్టీరియో లూప్‌ని 0 డీబీ సెండ్‌తో బస్‌కి పంపి, అక్కడ ఆలస్యం చేసే ప్లగిన్ ఒకటి ఏమీ కంప్రెస్ చేయకుండా పెట్టి, బస్ పోలారిటీ తిప్పండి (తరంగాన్ని తలకిందులు చేసే బటన్). శబ్దం పూర్తిగా ఆగిపోవాలి. ఏదైనా వినిపిస్తే ఆ మిక్సర్ ఆలస్యాన్ని సర్దడం లేదనే అనుమానించండి. రీపర్ ట్రయల్ 60 రోజులు, అన్నీ పనిచేస్తాయి కాబట్టి తొందర లేదు. ఎఫ్ఎల్ ట్రయల్‌లో మాత్రం సేవ్ చేసిన ప్రాజెక్ట్ కొనేదాకా మళ్లీ సరిగ్గా తెరుచుకోదు, ఈ పరీక్షలన్నీ ఒకే విడతలో కూర్చుని ముగించుకోండి.

ఇలాంటిది ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు బస్ మీద ప్లగిన్లతో మిక్స్ చేయకండి. ఆ బస్‌ని ఆడియోగా ప్రింట్ చేసి (కొత్త ట్రాక్‌గా రికార్డ్ చేసుకుని), మొదటి దెబ్బ అసలు ట్రాక్ దెబ్బతో కలిసేదాకా ఎడమవైపుకి, అంటే పాట మొదటివైపుకి జరపండి, తర్వాత సెండ్ తీసేయండి. హెడ్‌ఫోన్స్ విషయానికి, గాయకుల కోసం సంగీతం మొత్తం ఒకే స్టీరియో ఫైల్‌గా దింపి, కొత్త ప్రాజెక్ట్‌లో దాని మీద పాడించండి. పాట నడుస్తుండగా ఏ ఫేడర్ ముట్టుకోవాల్సిన అవసరం రాదు.