విషం లాంటి జన్యువుకి ఏ తాళం: ల్యాక్‌ఐ మేలా, అరాసీ మేలా?

ఈ.కోలి అనే బాక్టీరియాలో ఒక జన్యువు పెట్టి, మనం చెప్పినప్పుడే అది పనిచేయాలంటే ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే తాళాలు రెండు: ఐపీటీజీ అనే రసాయనంతో తెరుచుకునే ల్యాక్‌ఐ, అరాబినోజ్ అనే చక్కెరతో తెరుచుకునే అరాసీ. రెండూ డీఎన్ఏని పట్టుకునే ప్రోటీన్లే. నా ఓటు ముందే చెప్పేస్తా, కణాన్ని చంపే రకం ప్రోటీన్ అయితే అరాసీ, మామూలుదైతే ల్యాక్‌ఐ చాలు.

ఒకసారి కణం పొరలో ఉండే ఒక మెంబ్రేన్ ప్రోటీన్ జన్యువుని, ల్యాక్‌ఐ కాపలా కాసే ల్యాక్ ప్రమోటర్ (జన్యువుని చదవడం మొదలయ్యే డీఎన్ఏ చోటు) కింద పెట్టాను. ఐపీటీజీ ఒక్క చుక్క వేయలేదు, అయినా మర్నాడు ప్లేటు మీద కాలనీలు ఆవగింజలో సగం కూడా లేవు. రెండు మూడు మాత్రం బాగా ఎదిగాయని సంబరపడి సీక్వెన్స్ చేయిస్తే, వాటిలో జన్యువే మ్యుటేషన్‌తో చెడిపోయి ఉంది!

ఎందుకంటే ల్యాక్‌ఐ చేసేది అడ్డంగా కూర్చోవడం ఒక్కటే. ఆపరేటర్ అనే డీఎన్ఏ చోటుని పట్టుకుని, జన్యువుని చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కి దారివ్వదు, పట్టు కాస్త జారితే పాలిమరేజ్ దూరిపోతుంది, లీక్ అంటే ఇదే. మామూలు కణంలో ఈ ప్రోటీన్ పది దాకా ఉంటుంది, మన జన్యువుని మోసే ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్ఏ) కాపీలు వందల్లో ఉంటే ఆ పదీ ఏ మూలకి? అందుకే దాన్ని పది రెట్లు ఎక్కువ తయారుచేసే ల్యాక్‌ఐ-క్యూ వాడతారు. బాక్టీరియాకి మాత్రం ఈ లీక్ కావాలి, సహజంగా ఈ తాళాన్ని తెరిపించేది లాక్టోజ్ అనే పాల చక్కెర, దాన్ని లోపలికి తెచ్చే పర్మియేజ్ ముందే కొంచెం లేకపోతే లాక్టోజ్ వచ్చిందన్న కబురే అందదు కదా. తలనొప్పి మనకే.

అరాసీ పద్ధతి వేరు. చక్కెర లేనప్పుడు దూరదూరంగా ఉన్న రెండు చోట్లని రెండు చేతులతో పట్టుకుని, మధ్యలోని సుమారు 210 బేస్ జతల డీఎన్ఏని ఉంగరంలా వంచేస్తుంది. అరాబినోజ్ తగలగానే దూరపు చెయ్యి వదిలి పక్క చోటు పట్టుకుంటుంది, అప్పుడు పాలిమరేజ్‌ని తానే పిలిచి కూర్చోబెడుతుంది. అంటే అడ్డు తొలగితే సరిపోదు, సాయం కూడా అందాలి, లీక్ తక్కువ ఉండేది అందుకే. మీడియాలో గ్లూకోజ్ వేస్తే ఇంకా బిగుస్తుంది. (శాస్త్రవేత్తలు జాకబ్, మోనో 1961లో చెప్పిన అడ్డు సిద్ధాంతం ఊపులో ఉన్న రోజుల్లో, అరాసీని పరిశోధించిన ఎంగెల్స్‌బర్గ్ ఇలా సాయంచేసే ప్రోటీన్ ఉందంటే చాలామంది నమ్మలేదు.)

అరాసీకీ తిప్పలున్నాయి. అరాబినోజ్ సగం మోతాదు వేస్తే ప్రతి కణం సగం పనిచేయదు, కొన్ని పూర్తిగా మొదలుపెడతాయి, మిగతావి అసలు కదలవు, ఎందుకంటే ఆ చక్కెరని లోపలికి తెచ్చే రవాణా ప్రోటీన్లు కూడా అరాసీ అదుపులోనే ఉంటాయి. కాబట్టి మోతాదుని బట్టి కొంచెం కొంచెం పెంచాలంటే ఐపీటీజీయే నయం, ధర ఎక్కువైనా. పైగా దాన్ని కణం తినదు. అరాబినోజ్‌ని తినేస్తుంది, బీఎల్21 లాంటి ఈ.కోలి రకంలో వేస్తే కాసేపటికి ఇండక్షన్ (జన్యువుని ఆన్ చేయడం) నీరుగారిపోతుంది. టాప్10 అనే ఇంకో రకంలో ఆ తినే జన్యువులు లేవు, నా మెంబ్రేన్ ప్రోటీన్ చివరికి అందులోనే వచ్చింది, 0.02 శాతం అరాబినోజ్‌తో.