కలిసి రాసే పత్రిక: ముందే పరిశీలించాలా, నేరుగా ప్రచురించాలా?

పదిమంది కలిసి నడిపే పత్రిక కాస్త పెరగగానే ఈ పేచీ వస్తుంది: ప్రతి రచన కూడా సంపాదకుడి చేతిమీదుగా వెళ్లాలా, ఎవరిది వారే వేసుకోవచ్చా?

ఖర్చు: పెద్ద తేడా లేదు.

శ్రమ: పరిశీలన ఉంటే భారమంతా ఒకరిద్దరి మీద పడుతుంది. నేరుగా వేస్తే తప్పులు దిద్దే పని తర్వాత మిగులుతుంది.

వేగం: అసలు తేడా ఇక్కడే. 2000లో మొదలైన న్యూపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ప్రతి వ్యాసాన్నీ 7 అంచెల్లో పరిశీలించేది. తొలి ఏడాదిలో పాతిక వ్యాసాలైనా పూర్తి కాలేదు. అదే బృందం 2001 జనవరిలో, ఎవరైనా రాయవచ్చంటూ తెరిచిన వికీపీడియా కొద్ది నెలల్లోనే వేలల్లోకి వెళ్లింది. పంపిన రచన వారాల తరబడి వరుసలో పడి ఉంటే కొత్తవారు రెండోసారి రాయరు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

ప్రమాదం: పరిశీలన లేకపోతే ఒకరి తొందరపాటు అందరి పేరూ చెడగొడుతుంది. ఉంటే, సంపాదకుడికి తీరిక లేని నెలలో పత్రికే ఆగిపోతుంది.

ఒకరినొకరు ఎరిగిన చిన్న బృందానికి నేరుగా ప్రచురించడమే మేలు. వైద్యం, చట్టం వంటివి రాసేచోట మాత్రం పరిశీలన ఉండి తీరాలి. అపరిచితులు తరచుగా చేరుతుంటే వారి తొలి రెండు మూడు రచనలను చూస్తే చాలు, అదీ గడువు పెట్టుకుని.