కుక్కకు శిక్షణ: బిస్కెట్టా, ఎండు రొయ్యా, కోడి ముక్కా – ఏది మేలు?

ఇంట్లో "రా" అంటే తోకాడించుకుంటూ వచ్చే కుక్క కాలవగట్టు ఎక్కగానే చెవిటిదైపోతుంది. అది మొండితనం కాదు. అక్కడ కోతలైన చేలల్లో బాతుల మంద ఉంది, చెరువుల మీంచి చేపల వాసన వస్తోంది, మీ చేతిలో మాత్రం మేరీ బిస్కెట్టు ఉంది. కర్రతో బెదిరించడం, మెడగొలుసు గుంజడం ఈ పోలికలోకే రావు. ఏ కుక్కకైనా, చెప్పినట్టు చేస్తే ఇష్టమైనది ఇచ్చి నేర్పే బహుమతి పద్ధతే వాడమని అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది. తేల్చుకోవాల్సిందల్లా ఏ బహుమతి, ఎక్కడ అన్నదే.

బిస్కెట్టుకున్న సుగుణాలు రెండే: చౌక, జేబులో పాడవదు. విరిస్తే పొడి రాలుతుంది. ఆ పొడి నాకుతూ కూర్చున్న కుక్క మీ రెండో మాట వినదు. పైగా మైదా, చక్కెర. చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదని లెక్క. 10 కిలోల బరువున్న, ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి, అంటే బహుమతుల వాటా 60. దానికి మేరీలు రెండు వస్తాయి, ఉడికించిన చికెన్ అయితే 35 గ్రాములు వస్తుంది. శనగ గింజంత ముక్కలు చేస్తే నలభైకి తక్కువ కావు. నలభైసార్లు మెచ్చుకోవడం ఎక్కడ, రెండు బిస్కెట్లెక్కడ! లాబ్రడార్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ఆ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఆకలిని పెంచే జన్యు లోపం ఉందని 2016లో తేలింది. ఇంటి లోపల "కూర్చో", "ఉండు" నేర్పడానికి బిస్కెట్టు కూడా అక్కర్లేదు. రోజూ పెట్టే డ్రైఫుడ్‌లోంచే గుప్పెడు తీసి వాడండి.

ఎండు రొయ్య మన దగ్గర సులువుగా దొరుకుతుంది, వాసనకి ఏ కుక్కైనా ఆగిపోతుంది. చిక్కంతా ఉప్పు, ఇసుకలతోనే. తల, తోక, మీసాలు గిల్లి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు రెండుసార్లు మార్చి, నూనె లేకుండా మూకుట్లో కరకరలాడేదాకా వేయించాలి. అయినా రోజూ వద్దు, పూటకు నాలుగైదు చాలు. ఉప్పు పట్టించిన ఎండుచేప అసలే వద్దు. దాహం, వాంతులు పట్టుకుంటాయి.

గట్టు మీద గెలిచేది కోడి ముక్కే. ఎముక లేని బ్రెస్ట్ 100 గ్రాములు ఉప్పు, కారం లేకుండా ఉడికించి, తడి ఆరాక తరిగి, ఏ రోజుకారోజు పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కూర గిన్నెలోంచి తీసిన ముక్క పనికిరాదు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మన ఎండల్లో బయటికి తీసిన పొట్లం గంట దాటితే పారేయడమే. కోడి లివర్ వాసన ఇంకా ఘాటు. కానీ ఎక్కువైతే విరేచనాలు, రోజూ పెడితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. వారానికి ఒకసారి చాలు.

బంతి కొన్ని కుక్కలకు తిండికంటే ఇష్టం. పెరట్లో సరే, గట్టు మీద విసిరితే కాలవలోకి దొర్లుతుంది, వెనకే కుక్కా దూకుతుంది.

ముక్క ఎంత మంచిదైనా చేతిలో ఊపి పిలిస్తే పని చెడుతుంది, చెయ్యి ఖాళీగా ఉన్నరోజు కుక్క రాదు. ముక్కలు నడుం సంచిలోనే ఉండాలి. మెడపట్టీకి కాదు, ఛాతీ పట్టీకి 10 మీటర్ల తాడు కట్టండి. బాతులు కనిపిస్తున్నా కుక్క ఇంకా ముక్క తినగలిగేంత దూరంలో నిలబడండి. ఒక్కసారే "రా" అనండి. మీ వైపు తల తిప్పిన క్షణంలోనే "ఎస్" అని (సరిగ్గా చేశావని తెలిపే గుర్తు మాట ఇది), కాళ్ల దగ్గరికొచ్చాక మూడు నాలుగు ముక్కలు ఒకటొకటిగా పెట్టండి. ఆ వెంటనే "పో" అని మళ్లీ వాసన చూడనివ్వండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఇంటికి తీసుకెళ్లడానికే పిలిస్తే "రా" అంటే ఆట ముగిసినట్టేనని కుక్క లెక్కగట్టేస్తుంది. పూటకు 5 నిమిషాలు చాలు.

చికెన్ కూడా ముట్టలేదంటే బాతులకు మరీ దగ్గరగా ఉన్నారన్నమాట. ముందు 20 అడుగులు వెనక్కి నడవండి. నాలుక వేలాడేసి బాగా రొప్పుతుంటే మాత్రం ఒళ్లు వేడెక్కి ఉండొచ్చు. నీళ్లు పట్టి, నీడలోకి తీసుకెళ్లి, ఆ పూటకు ఆపేయండి. రోహిణి కార్తెలో అయితే పొద్దు పొడవకముందే ఈ పని కానిచ్చేయాలి.